నీటివాలు తెలిసిన ఊరు – మెరీదా

(బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

రోమన్ శిథిలాలు అనగానే మనకు రోము నగరమూ, అందులోని కొలోసియమూ గుర్తుకొస్తాయి. పుస్తకాల్లో ఆ బొమ్మలే, సినిమాల్లోనూ ఆ బొమ్మలే. కాని రోమన్లు రోములోనే కూర్చుని రాజ్యం చెయ్యలేదు. వెళ్లిన ప్రతిచోటా రోడ్డు వేశారు, వంతెన కట్టారు, ఊరికి నీళ్లు తెచ్చారు. అలా వాళ్లు కట్టిన ఊళ్లలో ఒకటి మెరీదా. స్పెయిన్ దేశంలో నైరుతి వైపున, గ్వాదియానా అనే నది ఒడ్డున ఉంది. జనాభా సుమారు 60 వేలు. అంటే మా మాచర్ల అంత ఊరు. పేరు తెలిసినవాళ్లు మన దగ్గర తక్కువ. అయినా స్పెయిన్‌లో ఇన్ని రోమన్ కట్టడాలు ఒకేచోట నిలిచిన ఊరు మరొకటి లేదంటారు. 1993లో యునెస్కో వారు ఈ ఊరి కట్టడాలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

ఈ ఊరిని నేను చూడటం కేవలం అదృష్టం. మాది పల్నాడులో సాగర్ కుడికాలవ కింద చివరి ఆయకట్టు. నాలుగెకరాల రైతు కుటుంబం. మా బావగారి ఉద్యోగం మాడ్రిడ్‌లో కావడం వల్ల, 2024 మే నెలలో అక్కా బావా టిక్కెట్లు కొని అమ్మనీ, నాన్ననీ, నన్నూ పిలిపించారు. తొలకరి పడేలోగా ఇంటికి చేర్చాలన్న షరతు మీద నాన్న ఒప్పుకున్నాడు. మాడ్రిడ్‌లో రాజభవనం చూపించారు, మ్యూజియం చూపించారు. నాన్న అన్నిటికీ "బాగుంది" అన్నాడు. ఆ "బాగుంది"కి అర్థం ఏమీ బాగుండలేదని అమ్మకు తెలుసు. అప్పుడు బావ, "మామయ్యా, రెండువేల ఏళ్లనాటి చెరువు ఒకటుంది, వెళదామా?" అన్నాడు. నాన్న ఆ రాత్రే సంచి సర్దుకున్నాడు.

ఆ ప్రయాణంలో చూసినవీ, చూసి తెలుసుకున్నవీ మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. వాటిలో ఒకదాన్ని మా ఊళ్లో వాడి చూశాం కూడా. ఆ సంగతి చివర చెబుతాను.

దారిలో పొలాలు

మాడ్రిడ్ నుంచి మెరీదాకు కారులో సుమారు 340 కిలోమీటర్లు. మూడున్నర గంటల ప్రయాణం. అక్కవాళ్ల పాపకు ఏడేళ్లు. దాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని, అమ్మ కలిపిన పులిహోర డబ్బాతో తెల్లవారే బయలుదేరాం. సగం దారి దాటాక చెట్లు చెదురుమదురుగా ఉన్న పచ్చికబీళ్లు. వాటిని అక్కడ దెహేసా అంటారు. ఓక్ చెట్ల కింద గొర్రెలు, పందులు మేస్తుంటాయి. ఒకే నేల మీద చెట్టూ, మేతా, పశువూ.

మియహాదాస్ అనే ఊరి దగ్గరికి వచ్చేసరికి దృశ్యం మారింది. బారులు తీరిన టమాటా తోటలు, వాటి అవతల నీళ్లు నిలిపిన మళ్లు. నాన్న "వరి!" అని గట్టిగా అన్నాడు. కారు ఆపించి దిగి, గట్టు మీద నిలబడి చూశాడు. నిజంగా వరే. స్పెయిన్‌లో వరి పండించే ముఖ్య ప్రాంతాల్లో ఇదొకటి. ఇదంతా మొదటినుంచీ ఉన్నది కాదు. 1952లో స్పెయిన్ ప్రభుత్వం బదహోజ్ ప్రణాళిక అని ఒకటి పెట్టి, గ్వాదియానా మీద ఆనకట్టలు కట్టి, కాలవలు తవ్వి, భూమి లేనివాళ్లకు పొలాలిచ్చి కొత్త ఊళ్లు కట్టించింది. మన నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలవలకు నీళ్లు వదిలారు. ఆ రెండు కథలూ ఇంచుమించు ఒక్క కాలానివే. అక్కడ కాలవ పక్కన నిలబడి నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే: "చివరి మడికి కూడా అందుతున్నాయా?" జవాబు చెప్పేవాళ్లెవరూ అక్కడ లేరు. మడి మాత్రం నిండుగా ఉంది.

పేరు వెనక కథ

మెరీదా పాత పేరు అగస్టా ఎమెరిటా. క్రీ.పూ. 25లో అగస్టస్ చక్రవర్తి ఆజ్ఞతో పుట్టిన ఊరు. స్పెయిన్ ఉత్తరాన కంటాబ్రియా కొండజాతులతో యుద్ధాలు చేసి, కొలువు ముగించిన సైనికులకు ఇళ్లూ పొలాలూ ఇవ్వడానికి దీన్ని కట్టారు. లాటిన్‌లో ఎమెరిటస్ అంటే కొలువు పూర్తిచేసి గౌరవంగా విరమించినవాడు. మన విశ్వవిద్యాలయాల్లో ఎమెరిటస్ ప్రొఫెసర్ అని గౌరవంగా పిలుచుకునే పెద్దలున్నారు కదా, ఆ మాటే ఈ మాట. అలా చూస్తే మెరీదా అంటే రిటైరైనవాళ్ల ఊరు. కత్తి దించినవాడికి నాగలి ఇచ్చిన ఊరు.

ఇందులో రాజకీయం లేకపోలేదు. యుద్ధం తెలిసిన వేలమందిని ఖాళీ చేతులతో ఇంటికి పంపితే ఏ రాజుకైనా ప్రమాదమే. పొలం ఇస్తే కుదురుగా ఉంటారు, కొత్తగా గెలిచిన సీమకు కాపలాగానూ ఉంటారు. ఊరు త్వరగానే పెరిగి లుసిటానియా అనే రాష్ట్రానికి రాజధాని అయింది. 1983 నుంచి ఎస్త్రమదూరా అనే స్వయంపాలిత ప్రాంతానికి ఇదే రాజధాని.

రంగస్థలం, మల్లరంగం

ఊళ్లో అందరూ ముందుగా చూసేది రోమన్ రంగస్థలం. క్రీ.పూ. 16–15లో అగ్రిప్పా అనే సేనాని పేరు మీద కట్టింది. అర్ధచంద్రాకారంలో రాతి మెట్లు, ఎదురుగా రెండంతస్తుల పాలరాతి స్తంభాలు. సుమారు 6 వేలమంది కూర్చోవచ్చు. వందల ఏళ్లపాటు ఇది మట్టిలో పూడిపోయి, పై మెట్ల ముక్కలు ఏడు మాత్రం బయటికి కనబడేవట. జనం వాటిని ఏడు కుర్చీలు అనేవారు. కింద ఏముందో వాళ్లకు తెలియదు. 1910లో తవ్వకాలు మొదలుపెట్టాక అసలు రంగస్థలం బయటపడింది. 1933 నుంచి వేసవిలో ఇక్కడ ప్రాచీన నాటకాలు ఆడుతున్నారు. అంటే ఇది చూసి పోయే శిథిలం కాదు, ఇప్పటికీ పనిచేస్తున్న నాటకశాల.

భౌతికశాస్త్రం చదివేవాడిగా నాకు ఆసక్తి శబ్దం మీద. పాపను రంగం మధ్య నిలబెట్టి మేం పై మెట్టు మీద కూర్చున్నాం. అది మామూలు గొంతుతో "తాతయ్యా, ఆకలి" అంటే మాటమాటా వినిపించింది. మెట్లు ఒకదానికంటే ఒకటి ఎత్తుగా ఉండటం వల్ల, పలికేవాడి నోటికీ వినేవాడి చెవికీ మధ్య ముందువాడి తల అడ్డం రాదు. గట్టి రాతి నేల మీదనుంచీ, వెనకనున్న ఎత్తైన గోడ మీదనుంచీ తిరిగొచ్చే ధ్వని అసలు ధ్వనికి చాలా దగ్గరగా చెవిని చేరుతుంది కాబట్టి ప్రతిధ్వనిగా వేరుపడకుండా బలంగా కలుస్తుంది. మైకు లేని రోజుల్లో అదే మైకు.

పక్కనే మల్లరంగం. క్రీ.పూ. 8 నాటిది. మనుషులూ మృగాలూ పోరాడితే సుమారు 15 వేలమంది చూసేవారట. అమ్మ అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. "చంపుకోవడం చూడ్డానికి ఇంత కట్టాలా?" అంది. నాకు మాత్రం అనుపు జ్ఞాపకం వచ్చింది. నాగార్జునకొండ లోయ మునిగిపోకముందు, 1954–60 మధ్య జరిగిన తవ్వకాల్లో నాలుగువైపులా మెట్లున్న ఒక రంగస్థలం బయటపడింది. దాన్ని తరలించి అనుపులో తిరిగి నిలబెట్టారు. ఇక్ష్వాకుల కాలం, అంటే క్రీ.శ. 3–4 శతాబ్దాల నాటిది. రోమన్ మల్లరంగాలతో దాన్ని పండితులు పోల్చారు. మన తెలుగు నేలలో చాలాచోట్ల రోమన్ నాణేలు దొరికాయి కాబట్టి ఆ సీమతో మనకు వ్యాపారం ఉన్నమాట వాస్తవం. అనుపు మాకు బస్సు దూరం. చిన్నప్పుడు బడి విహారయాత్రలో ఆ మెట్ల మీద కూర్చుని చిక్కీలు తిన్నవాణ్ణే గాని, అదేమిటని అడిగినవాణ్ణి కాను. దాని విలువ తెలియడానికి నేను స్పెయిన్ దాకా పోవలసి వచ్చింది.

వంతెన, దిగుడుబావి

గ్వాదియానా మీద రోమన్ వంతెన ఉంది. పొడవు సుమారు 790 మీటర్లు, 60 ఖానాలు. ఇప్పటికీ నిలిచిన రోమన్ వంతెనల్లో అతి పొడవైనవాటిలో ఇదొకటి. 1991లో దిగువన కొత్త వంతెన వచ్చేదాకా వాహనాలు దీనిమీదనే తిరిగేవి. ఇప్పుడు నడిచేవాళ్లకే. సాయంత్రం అమ్మా పాపా ఖానాలు లెక్కపెడుతూ అటు చివరిదాకా నడిచారు. లెక్క ఇద్దరికీ కుదరలేదు, మళ్లీ లెక్కపెట్టుకుంటూ తిరిగొచ్చారు.

ఈ వంతెనలో గమనించవలసింది స్తంభాల పొట్టలో ఉన్న చిన్న కంతలు. మామూలు రోజుల్లో నీరు పెద్ద ఖానాల్లోంచి పోతుంది. వరద వచ్చి నీరు పెరిగినప్పుడు ఈ పై కంతల్లోంచి కూడా పోతుంది. దానివల్ల వంతెన మీద పడే తోపు తగ్గుతుంది. ఎగువవైపు స్తంభాల ముక్కు గుండ్రంగా చెక్కి ఉంటుంది, నీరు చీలి పక్కలకు జారిపోవడానికి. వరదను ఆపాలని చూడకుండా దానికి దారి ఇచ్చారన్నమాట.

వంతెన దిగగానే అరబ్బుల కోట. క్రీ.శ. 835లో కట్టింది. దాంట్లో ఒక దిగుడుబావి ఉంది. మెట్లు దిగి చీకట్లోకి పోతే అడుగున నీళ్లు కనబడతాయి. ఆ నీళ్లు నది నుంచే ఇసుక, గులకరాళ్ల గుండా ఊరి వడగట్టుకుని వస్తాయి. శత్రువు కోటను చుట్టుముట్టినా లోపలివాళ్లకు తాగునీరు ఆగదు. ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని తాగిన మా అమ్మకు దాన్ని ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

అద్భుతాల వరుస

ఇక అసలు విషయానికి వస్తాను. ఊరి ఉత్తరపు అంచున ఒక చిన్న వాగు లోయలో, ఆకాశంలోకి లేచిన రాతి స్తంభాల వరుస ఉంది. ఎత్తు సుమారు 25 మీటర్లు, వరుస పొడవు 800 మీటర్ల పైచిలుకు. ఒక వరస నల్లరాయి, ఒక వరస ఎర్ర ఇటుక, మళ్లీ రాయి, మళ్లీ ఇటుక. ప్రతి స్తంభం నెత్తినా కొంగల గూళ్లు, గూళ్లలో పిల్లలు. స్పానిష్‌లో దీన్ని లోస్ మిలాగ్రోస్ అంటారు. అంటే అద్భుతాలు. ఇన్నాళ్లుగా పడకుండా ఎలా నిలిచాయా అని జనం ఆశ్చర్యపడి పెట్టిన పేరు.

ఇది వంతెన కాదు, కాలవ. స్తంభాల మీద కమానులు, కమానుల మీద నీటికాలవ. ఊరికి 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెరువు నీటిని ఈ లోయ దాటించడానికి కట్టారు. పంపు లేదు, మోటారు లేదు. నీటిని నడిపేది వాలు ఒక్కటే.

వాలు విషయంలో రోమన్ల నేర్పు చెప్పడానికి మరో ఊరి లెక్క చెబుతాను. ఫ్రాన్స్‌లో నీమ్ అనే ఊరికి రోమన్లు తెచ్చిన కాలవ పొడవు సుమారు 50 కిలోమీటర్లు. మొదటికీ చివరికీ ఎత్తులో తేడా సుమారు 12 మీటర్ల 60 సెంటీమీటర్లే. అంటే సగటున కిలోమీటరుకు 25 సెంటీమీటర్లు. జానకు కాస్త ఎక్కువ! వాలు ఇంతకంటే చాలా ఎక్కువైతే నీరు ఉరికి కాలవను కోస్తుంది. మరీ తక్కువైతే నీరు మందగించి మట్టి అడుగున మేట వేస్తుంది. ఈ రెంటి మధ్య సన్నటి దారి పట్టుకోవాలి. అందుకే కాలవ తిన్నగా పోకుండా కొండల పక్కన ఒకే మట్టాన వంకర్లు తిరుగుతూ పోతుంది. లోయ అడ్డం వచ్చినచోట కమానులెక్కుతుంది.

అంత సన్నటి వాలును వాళ్లు కొలిచిన పనిముట్టు ఆశ్చర్యంగా ఉంటుంది. 20 అడుగుల పొడవైన చెక్క బల్ల. దాని కొనల్లో దారాలకు వేలాడే గుండ్లు. గాలికి దారాలు కదిలే రోజు పనికొచ్చేలా బల్ల మీద ఒక గాడి. గాడిలో నీళ్లు పోస్తే నీళ్లే మట్టం చెబుతాయి. మన మేస్త్రీల రసమట్టానికి తాతగారన్నమాట. వాళ్ల గ్రంథకర్త విట్రూవియస్ దీన్ని వర్ణించాడు.

నేనిదంతా నాన్నకు చెబుతుంటే ఆయన నవ్వి, "బోదెలో నీళ్లు కట్టేవాడికి ఈ మాట తెలియదట్రా? పార ఎక్కడ వెయ్యాలో నీళ్లను చూస్తే తెలియదూ?" అన్నాడు. నిజమే. నాలుగెకరాల్లో నీటివాలు ఆయన కంటితో చూస్తాడు. కొన్ని కిలోమీటర్ల దూరానికి కన్ను చాలదు కాబట్టి కొలత కావాలి. రైతుకూ ఇంజనీరుకూ తేడా అంతే అనిపించింది.

కమాను ఎందుకు పడిపోదు అన్నది రెండో ప్రశ్న. ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు చేతులు పట్టుకుని వెనక్కి వాలతారు. చేతులు సాగిపోతున్నట్టుంటాయి. అది లాగుడు. అలా కాకుండా ఇద్దరూ అరచేతులు ఆనించుకుని ముందుకు వాలితే ఒకరినొకరు నెట్టుకుంటూ నిలబడతారు. అది ఒత్తిడి. రాయికి లాగుడంటే పడదు, విరుగుతుంది. ఒత్తిడి ఎంతైనా ఓర్చుకుంటుంది. కమానులో ప్రతి రాయీ పక్క రాళ్లను నెట్టడమే గాని లాగడం ఉండదు. కట్టేటప్పుడు కింద చెక్క సెంట్రింగు పెడతారు. నడిమి రాయి దిగేదాకా కమాను నిలవదు, దిగాక సెంట్రింగు తీసేసినా పడదు. పైనుంచి బరువు పడేకొద్దీ రాళ్లు ఇంకా బిగుస్తాయి.

కాలవ లోపల నీరు కారకుండా సున్నంలో ఇటుకపొడి కలిపి పూసేవారు. అది మన పాత కట్టడాల్లోని సుర్కీయే. సిమెంటు రాకముందు మన తాతల కాలంలో మేస్త్రీలు వాడినదీ అదే.

ప్రొసెర్పినా చెరువు

ఆ నీళ్లొచ్చిన చెరువు పేరు ప్రొసెర్పినా. ఆ పేరు వెనక ఒక తమాషా ఉంది. 18వ శతాబ్దంలో ఇక్కడ ఒక రాతి పలక దొరికింది. ఎవరి బట్టలో దొంగలు ఎత్తుకుపోతే, దొంగను శిక్షించమని దేవతను వేడుకుంటూ చెక్కించిన పలక. ఆ దేవత పేరే చెరువుకు పెట్టారు. అమ్మకు ఇది బాగా నచ్చింది. "మన ఊళ్లో అయితే పోలేరమ్మకు మొక్కుకునేవాళ్లు" అంది.

ఆనకట్ట పొడవు సుమారు 427 మీటర్లు. క్రీ.శ. 1 లేదా 2వ శతాబ్దంలో కట్టినదని ఎక్కువమంది అభిప్రాయం. సాగరు డ్యాము ఎత్తు 124 మీటర్లు. దాని ముందు ఇది చిన్నబిడ్డ. కాని వయసులో ముత్తాతకు ముత్తాత. నీటివైపు రాతిగోడ, గోడ వెనక పెద్ద మట్టికట్ట. గోడకానుకుని, కట్టలోకి దిగిన రెండు బురుజులున్నాయి. వాటిలో మెట్లు దిగి అడుగున తూము తీసేవారు. నాన్న ఆ బురుజు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "తూమంటే ఇట్టా ఉండాలి. ఎండలోనూ వానలోనూ మనిషి దిగి తియ్యగలగాలి" అన్నాడు.

తర్వాత ఆయన వేసిన ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. "ఒరేయ్, గోడకు ఆనుడు గోడలు నీళ్లవైపు కట్టారేంటి? నీళ్లు గోడను ఇటు తోస్తాయి. ఆనుడు ఇటువైపు కదా ఉండాలి? ఎదురు కట్టారా?"

లెక్క చూద్దాం. నీటి ఒత్తిడి లోతుతో పెరుగుతుంది. 12 మీటర్ల లోతున చదరపు మీటరుకు 12 టన్నులు. పైన సున్నా, అడుగున 12. సగటు 6. దాన్ని 12 మీటర్ల ఎత్తుతో గుణిస్తే, ఒక మీటరు వెడల్పు గోడ మీద మొత్తం తోపు 72 టన్నులు. చెరువు నిండి ఉన్నప్పుడు ఈ 72 టన్నులూ గోడను మట్టికట్ట మీదికి తోస్తాయి. ఆపేది కట్ట. అందుకే వెనకవైపు ఆనుడు గోడలు అక్కరలేదు, కట్టే పెద్ద ఆనుడు.

మరి చెరువు ఎండితే? నీటి తోపు పోయింది. వెనకనున్న తడిసిన మట్టి బరువు మాత్రం పోలేదు. అది గోడను ఖాళీ చెరువులోకి తోస్తుంది. అప్పుడు గోడ పడితే లోపలికే పడాలి. ఆ పడటాన్ని ఆపేవే నీళ్లవైపు ఆనుడు గోడలు. ఈ మాట చెప్పగానే నాన్న నుదురు విప్పారింది. "అంటే నిండినప్పటి భయం కట్టకు అప్పజెప్పారు, ఎండినప్పటి భయం గోడకు అప్పజెప్పారు" అన్నాడు. నేను నాలుగు వాక్యాల్లో చెప్పింది ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు.

1990ల మొదట్లో ఈ చెరువు ఎండగట్టి పూడిక తీశారు. తీస్తే కనిపించే గోడకింద ఇంకా కొన్ని మీటర్ల గోడ బయటపడింది. అన్ని శతాబ్దాల మట్టి అది. చెరువు చావు శత్రువు వల్ల రాదు, పూడిక వల్ల వస్తుంది. ఇవాళ వేసవిలో ఊరివాళ్లు ఇక్కడికి ఈతకు వస్తారు. ఆనకట్ట మాత్రం ఇప్పటికీ నీళ్లు నిలుపుతూనే ఉంది.

ఆ గట్టు మీదనే పులిహోర తిన్నాం. తింటూ ఉండగా బావ మెల్లిగా ఒక మాట కదిపాడు. "మామయ్యా, చివరి ఆయకట్టు పొలం. నీళ్లొచ్చిన ఏడు తక్కువ, రాని ఏడు ఎక్కువ. వీడు చూస్తే చదువుల్లో పడ్డాడు. మంచి ధర ఉన్నప్పుడు ఆ నాలుగెకరాలూ ఇచ్చేస్తే మీకూ అత్తయ్యకూ నిశ్చింత కదా?" బావ మాటలో చెడు లేదు. 2023లో సాగర్లో నీళ్లు చాలక మా పొలం బీడు పడిన మాట నిజమే. అక్క తలొంచుకుంది. అమ్మ పాపకు ముద్ద పెడుతూ ఉండిపోయింది. నాన్న చాలాసేపు నీళ్లవైపు చూసి, "తొలకరి కానీ అల్లుడుగారూ, చూద్దాం" అన్నాడు. అంతే.

కుటుంబంతో వెళ్లేవారికి

మన వాళ్లు చాలామంది ఇప్పుడు ఐరోపాలో ఉంటున్నారు. తల్లిదండ్రుల్ని తీసుకెళ్లేవారికి నాలుగు మాటలు చెబుతాను. మెరీదాకు ఒక్కపూట చాలదు, రెండు రాత్రులుండాలి. ముఖ్యమైన కట్టడాలన్నిటికీ కలిపి ఒకే టిక్కెట్టు దొరుకుతుంది. మే నుంచే మధ్యాహ్నపు ఎండ పల్నాటి ఎండకు తీసిపోదు. అక్కడివాళ్లు కూడా ఆ వేళ దుకాణాలు మూసి ఇంటికి పోతారు. కాబట్టి పొద్దుటే రంగస్థలం చూసి, మధ్యాహ్నం రోమన్ మ్యూజియంలో గడపడం మేలు. రఫాయెల్ మొనేయో అనే వాస్తుశిల్పి కట్టిన ఆ భవనం 1986లో తెరిచారు. ఎత్తైన ఇటుక కమానులతో అదీ చూడదగ్గదే. ఊరి నడిబొడ్డున డయానా గుడి ఉంది. పేరు డయానాదైనా అది చక్రవర్తుల పూజకు కట్టిన గుడి. తర్వాతి రోజుల్లో ఒక ప్రభువు దాని స్తంభాల మధ్యనే ఇల్లు కట్టుకున్నాడు. వంతెననూ, అద్భుతాల వరుసనూ సాయంత్రానికి ఉంచుకోండి, టిక్కెట్టు అక్కరలేదు. పెద్దవాళ్లను తొందరపెట్టకండి. వాళ్లు ఎక్కడ ఆగుతారో అక్కడే అసలు చూడవలసింది ఉంటుంది.

మా కాలవ

ఇంటికొచ్చాక నాకు నిద్రపట్టలేదు. మా పొలానికి నీళ్లు తెచ్చే పిల్లకాలవ పొడవు 1,200 మీటర్లు. ఎగువ నీళ్లున్నా మా చివరికి రావు. పైవాళ్లు తోడుకుంటున్నారని కిందివాళ్లం, కిందివాళ్లకు ఓపిక లేదని పైవాళ్లూ ఏళ్లుగా పోట్లాడుకుంటున్నాం. అర్జీలు పెట్టాం. ఫలితం లేదు. "నీళ్లు అక్కడిదాకా వచ్చి ఎక్కనంటాయిరా" అని నాన్న ఎప్పుడూ అనేవాడు. ఆ మాటను నేనే పట్టించుకోలేదు.

జూన్ నెలలో 20 మీటర్ల ప్లాస్టిక్ గొట్టం, రెండు కర్రలూ తీసుకుని, గొట్టంలో నీళ్లు నింపి, ప్రతి 20 మీటర్లకూ కాలవ అడుగు మట్టం కొలిచాం. నేనొక కొసన, నాన్న ఒక కొసన. గొట్టం రెండు చివర్లా నీరు ఒకే మట్టాన ఉంటుందన్నది తొమ్మిదో తరగతి పాఠమే. అరవై కొలతలు, మూడు సాయంత్రాలు. మా ఫిజిక్సు లెక్చరర్ గారు ఫోనులో చెప్పినట్టు, చివరినుంచి వెనక్కి మళ్లీ కొలుచుకుంటూ వచ్చాం. తేడా 4 సెంటీమీటర్లు వచ్చింది. ఇంటికొచ్చి గ్రాఫు గీశాను. మొదటినుంచి చివరికి వాలు ఉంది. కాని నడుమ ట్రాక్టర్లు దాటేచోట 80 మీటర్ల మేర అడుగు 22 సెంటీమీటర్లు ఎత్తుగా లేచింది. నాన్న చెప్పిన "ఎక్కనంటాయి" అన్న జాగా సరిగ్గా అదే.

గ్రాఫు పట్టుకుని రచ్చబండ దగ్గరికి పోయాం. పోట్లాడుకునేవాళ్లు కూడా కాగితం మీద గీత చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎకరానికింతని చందా వేసుకుని జేసీబీ పెట్టించి ఆ మిట్ట తీయించారు, దాటేచోట తూములు వేయించారు. ఆగస్టులో కాలవకు నీళ్లొదిలినప్పుడు, నాకు ఊహ తెలిశాక మొదటిసారి, పార అడ్డం పెట్టకుండానే మా మడిలోకి నీళ్లొచ్చాయి. నాన్న ఫోను తీసి బావకు చూపించాడు. ఏమీ మాట్లాడలేదు, నీళ్లనే చూపించాడు.

అయితే కథ ఇక్కడితో సుఖాంతం అయిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ తర్వాతి వంతులో పైనుంచి వదిలిందే తక్కువ, మా దాకా రాలేదు. వాలు నీటిని నడపగలదు గాని పుట్టించలేదు. పొలం అమ్మకం మాట ఆగిపోలేదు, వాయిదా పడింది. ఏటా వేసవిలో పూడిక తియ్యకపోతే మిట్ట మళ్లీ లేస్తుంది. మెరీదాలో కూడా కాలవలు కట్టడం రానివాళ్లు వచ్చి పాడు కాలేదు, బాగు చేసేవాళ్లు లేక పాడయ్యాయి.

మిత్రులారా, మన కళాశాలలో చదివేవాళ్లలో చాలామందిమి పల్లెలనుంచి వచ్చినవాళ్లమే. మన ఊళ్లలో చెరువులున్నాయి, తూములున్నాయి, నీళ్లు రాని చివరి మళ్లూ ఉన్నాయి. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక గొట్టం కొనండి. కాని కొలిచేముందు కాలవ గట్టు మీద ఇరవై ఏళ్లు నడిచినవాళ్లను, నీళ్లు ఎక్కడ ఆగుతాయో అడగండి. మా ఇంట్లో ఆ జవాబు ఎప్పటినుంచో ఉంది. అడగవలసినవాణ్ణి నేనే ఆలస్యం చేశాను.